కొలతలక్క కుడిచంక

మా కొలతలక్క కొత్త మనిషిని చూస్తే ముందు మొహం చూడదు, చంక చూస్తుంది. దుకాణానికి మొదటిసారి వచ్చినవాళ్లు ఇది తెలియక కాస్త ఇబ్బంది పడతారు. ఆవిడ టేపు మెళ్లో వేసుకుని, కళ్లజోడు ముక్కు మీదికి దించి, "చేతులు పైకెత్తండి" అంటుంది. పెద్ద ఉద్యోగస్తులైనా, నోటికి హద్దు లేని ముసలమ్మలైనా ఎత్తాల్సిందే. ఛాతీ కొలత ఎవరైనా తీస్తారు, చంక కొలత తీయడంలోనే దర్జీతనం ఉందని ఆవిడ సిద్ధాంతం. కుట్టిన బట్టలో చంక కిందికి జారితే చేయి ఎత్తినప్పుడల్లా కోటు మొత్తం పైకి లేస్తుంది. పైకి, ఒంటికి దగ్గరగా ఉంటే చేయి ఒక్కటే లేస్తుంది. పని రానివాళ్లు బిగుతుగా ఉందనగానే చంక కిందికి కోసేస్తారు. ఆవిడ ఆ పని తన జన్మలో ఒక్కసారే చేసింది.

నేను ఆవిడ దగ్గర కాజాలు కుట్టేదాన్ని. గుండీలు, అంచులు, చివర్లో ఇస్త్రీ కూడా నావే. మందుల షాపు మీద మేడగది మాది. పదిహేడు మెట్లు, మలుపు దగ్గర ఒకటి విరిగింది. లోపల రెండు మిషన్లు, కిటికీ కింద పొడుగాటి కత్తిరింపు బల్ల, ఒక మూల పరదా, పరదా వెనక నిలువుటద్దం. ఇరవై రెండేళ్లుగా ఆవిడ ఆ చివర, నేను ఈ చివర. నాకంటే రెండేళ్లు చిన్నదే అయినా వీధంతా అక్క అంటుంటే నేనూ అక్కా అనే పిలుస్తాను. ఆవిడ నన్ను వదినా అంటుంది. మా మధ్య ఏ చుట్టరికమూ లేదు. నాకు నోరెక్కువ, ఆవిడకు ఓపికెక్కువ, అందుకే ఇన్నేళ్లు కలిసి పనిచేశాం. పెళ్లెందుకు చేసుకోలేదని ఎవరైనా అడిగితే, కొలత కుదరలేదంటుంది.

ఆవిడకున్నది చనిపోయిన తోబుట్టువు కూతురు ఒక్కతే. పద్నాలుగేళ్ల పిల్లను తెచ్చుకుని పెంచింది. ఇప్పుడు దానికి పాతికేళ్లు. పసిపిల్లల బడిలో పాఠాలు చెబుతుంది కాబట్టి మేమిద్దరం దాన్ని టీచరమ్మ అని ఆటపట్టిస్తాం. అది నవ్వదు. నవ్వితే మేం చనువు తీసుకుంటామని దాని అనుమానం. నిజమే, తీసుకుంటాం.

ఆ నెల మా చేతిలో ఒక బడి బ్యాండుకి ముప్పై కోట్లు కుట్టే పని ఉంది. బాకాలు ఊదేవాళ్లు, డప్పులు కొట్టేవాళ్లు గంటల తరబడి చేతులెత్తి ఉండాలి. అంటే పనంతా చంకల్లోనే. నిజానికి అది అక్కకి పండగలాంటి పని. కానీ ఆవిడ కత్తెర పట్టుకుని సగం గుడ్డ కోసి ఆగిపోయేది. కత్తెర బల్ల మీద పెట్టి, కాసేపు కిటికీలోంచి బస్సుల్ని చూసి, మళ్లీ మొదలుపెట్టేది. కుడి మోచెయ్యి ఒంటికి ఆనకుండా దూరంగా పెట్టుకుని నడిచేది. "భుజం పట్టేసిందా అక్కా?" అని మామూలుగానే అడిగాను. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు గబుక్కున అటు తిరిగి, "నాకేం, బానే ఉన్నా" అంది.

పదకొండో కోటు నా దగ్గరికి గుండీలకు వచ్చింది. దాని చేతులు చూశాను. కుడిచేయి ఎడమవైపు, ఎడమచేయి కుడివైపు కుట్టేసి ఉన్నాయి. అలాంటి తప్పు పని నేర్చుకునేవాళ్లు మొదటి వారంలో చేస్తారు. నేను కోటు మడిచి పక్కన పెట్టి, తలుపు గడియ వేసి, ఆవిడ చెయ్యి పట్టుకుని పరదా వెనక్కి లాక్కెళ్లాను.

"చూపించు."

"ఏం చూపించేది వదినా, పనుంది."

"అరుస్తాను. కింద మందుల షాపాయన కూడా వస్తాడు, నీ ఇష్టం."

నేను అరుస్తానని ఆవిడకు తెలుసు. చొక్కా గుండీలు విప్పి, పళ్లు బిగబట్టి, చెయ్యి సగం ఎత్తింది. అంతకంటే లేవలేదు. చంకలో ఉసిరికాయంత గడ్డ. పైన చర్మం ఎర్రగా, నిగనిగలాడుతూ ఉంది. నేను వేలు దగ్గరికి తీసుకెళ్లానో లేదో ఆవిడ గోడకు ఒరిగిపోయింది.

"ఎన్నాళ్లయింది?"

"పది రోజులు."

"టీచరమ్మకి చెప్పావా?"

"దానికి చెప్పావంటే నామీద ఒట్టే వదినా. నువ్వు ఈ మెట్లెక్కక్కర్లేదు."

ఆవిడ నాతో ఇరవై రెండేళ్లలో అంత గట్టిగా ఒక్కమాట అనలేదు. నాకు కోపం రాలేదు. ఎందుకలా అందో ఆవిడ తరవాత ఈ భూమ్మీద నాకొక్కదానికే తెలుసు.

పన్నెండేళ్ల కిందట ఆ పరదా వెనకే ఆవిడ తన సొంత అక్కకు కొలతలు తీసింది. ఆ పెద్దావిడ టిక్కెట్ల కౌంటర్లో పనిచేసేది. మొగుడు వేరే ఊళ్లో వేరే కాపురం పెట్టుకున్నాడు. యూనిఫారం చొక్కా చంకలో ఒరుసుకుంటోందని వచ్చింది. టేపు తిప్పుతుంటే మా అక్క వేళ్లకి చిక్కుడుగింజంత గట్టిది ఒకటి తగిలింది. "నొప్పిగా ఉందా అక్కా?" అని అడిగింది. "అస్సలు లేదే" అంది పెద్దావిడ. "నొప్పి లేకపోతే ఏముంటుందిలే" అంది ఈవిడ. బయట నోట్లో సూది పెట్టుకుని కాజా కుడుతున్న నేను ఊరుకోవచ్చుగా. "నొప్పి లేనిదానికి మందెందుకమ్మా" అని ఓ ఉచిత సలహా పడేశాను. ఆ చొక్కాకి ఆవిడ కుడిచంక అరంగుళం కిందికి దింపి కోసింది, ఒరుసుకోకుండా ఉంటుందని. పెద్దావిడకు హాయిగా ఉంది. ఏడు నెలలు ఆ చొక్కా తొడుక్కుంది. తరవాత ఆస్పత్రికి వెళ్లేసరికి అది రొమ్ము నుంచి పాకిన క్యాన్సరని తేలింది, చేయి దాటిపోయింది. మరుసటి ఏడు పోయింది.

పిల్లకి అందరూ చెప్పింది ఒక్కటే, రోగం ఆలస్యంగా తెలిసిందని. అంతకు ముందే అది ఎవరి చేతికి తగిలిందో ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు తనకూ అదే చోట గడ్డ వచ్చేసరికి మా అక్క మనసులో రెండు భయాలు చేరాయి. తనకూ అదే వచ్చిందేమోనన్నది ఒకటి. ఆస్పత్రికి వెళితే మీ ఇంట్లో ఎవరికైనా ఉందా అని అడుగుతారు, ఆ తీగ లాగితే డొంకంతా కదులుతుందన్నది రెండోది. ఆవిడకు చావు కంటే ఆ పిల్ల మొహమే ఎక్కువ భయం. నాకు ఈ రెండూ తెలిసి కూడా ఒట్టుకు కట్టుబడి ఊరుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

ఊరుకున్నానంటే చేతులు ముడుచుకు కూర్చోలేదు. మా ఇద్దరికీ తెలిసిన వైద్యమంతా చేశాం. కిందికి దిగి, మా చుట్టాలావిడకి అని అబద్ధమాడి మందుల షాపాయన్ని అడిగాను. ఆయన కౌంటరు మీద మోచేతులానించి తీరిగ్గా చెప్పాడు. చంకలో గడ్డ అంటే నూటికి తొంభైకి ఏమీ కాదట. బ్లేడుతో వెంట్రుకలు తీసినచోట కురుపు లేస్తుందట. కొందరికి వాసన స్ప్రేలు పడవట. చెమట దారులు మూసుకుపోయి గడ్డలు కడతాయట. "మీ చుట్టాలావిడ ఏం వాడుతుంది?" అన్నాడు. మా అక్క బ్లేడూ ఎరగదు, స్ప్రే ఎరగదు. ఆ మాట చెప్పలేక ఆయన ఇచ్చిన పూతమందు తెచ్చాను. రాశాం. ఏమీ కాలేదు. ఇస్త్రీపెట్టె కింద పాత లైనింగు గుడ్డ మడతపెట్టి వేడిచేసి కాపడం పెట్టాను. పెట్టినంతసేపు ఆవిడకు ప్రాణం లేచొచ్చేది, అరగంటకి మళ్లీ మామూలే. ఆ తరవాత పది రోజులూ ఇలాగే గడిచాయి. సాయంత్రమయ్యేసరికి ఒళ్లు వెచ్చబడటం మొదలైంది. కోట్లు పంతొమ్మిది దగ్గర ఆగిపోయాయి.

ఒకరోజు మధ్యాహ్నం ఇత్తడి గుండీలు చాలక నేను బజారుకు వెళ్లాను. రెండే రెండు దుకాణాలు తిరిగి వచ్చాను. గదిలో ఎవరూ లేరు. ఇస్త్రీపెట్టె వెల్లకిలా పెట్టి ఉంది, ఎర్ర దీపం వెలుగుతోంది. అది నేను ఆపి వెళ్లాను. పరదా కింద ఆవిడ పాదాలు కనిపించాయి. పిలవకుండా పరదా తీశాను.

అద్దానికి ఎదురుగా స్టూలు మీద కూర్చుని ఉంది. కుడిచెయ్యి తల మీదికి ఎత్తి, తాడుతో పరదా కడ్డీకి కట్టుకుంది, దానంతట అది లేవడం లేదు కాబట్టి. నోట్లో గుడ్డ కుక్కుకుంది. ఎడమచేతిలో కుట్లు విప్పే చిన్న కత్తి. దాన్ని ఇస్త్రీపెట్టె మీద కాల్చినట్టుంది, మొన నీలంగా మారింది. కత్తి మొనకీ గడ్డకీ మధ్య వేలెడు దూరం లేదు.

నేను ఏం చేశానో నాకు సరిగ్గా గుర్తులేదు. కత్తి కిటికీ కింద పడ్డ చప్పుడు గుర్తుంది. నా అరచేతి మీద కాలిన మచ్చ ఇప్పటికీ ఉంది.

"నీకేమైనా మతిపోయిందా?" అన్నాను.

ఆవిడ నోట్లో గుడ్డ తీసింది. "కురుపైతే చీమొస్తుంది. కాకపోతే ఏంటో తెలిసిపోతుంది కదా వదినా. నేను తెలుసుకుంటే చాలు. ఎవరూ ఏమీ అడగరు." మాట్లాడుతూనే ఏడుస్తోంది.

తాడు విప్పుతూ చూశాను. మణికట్టు దగ్గర్నుంచి మోచేతి మడత దాకా సన్నటి ఎర్రటి చార ఒకటి పాకి ఉంది. నిన్న అది లేదు. దాన్ని చూశాక నాకు ఒట్టూ గిట్టూ ఏమీ గుర్తు రాలేదు. ఆవిడ చొక్కా గుండీలు నేనే పెట్టి, చెప్పులు నేనే తొడిగి, పదిహేడు మెట్లూ దింపి, రెండు వీధుల అవతల ఉన్న డాక్టరమ్మ దగ్గరికి నడిపించుకెళ్లాను.

డాక్టరమ్మ సన్నగా, చిన్నపిల్లలా ఉంది. చేయి ఎత్తమన్నప్పుడు అక్క అలవాటు లేనిదానిలా చుట్టూ చూసింది. పొద్దస్తమానం జనం చేతులెత్తించే మనిషికి తన చెయ్యి ఎత్తడం ఎంత నామోషీగా ఉందో నాకు తెలుస్తూనే ఉంది. డాక్టరమ్మ తొందరపడకుండా చూసింది. చంకంతా, మెడ పక్కన, రెండు వైపులా రొమ్ము. తరవాత కాగితం ముందేసుకుని అడగడం మొదలుపెట్టింది. బరువు తగ్గారా? లేదు. దగ్గుందా? లేదు. ఇంట్లో పిల్లి ఉందా, గీరిందా? లేదు. ఈమధ్య ఆ చేతికి దెబ్బలేమైనా తగిలాయా, పుండ్లు పడ్డాయా?

"లేదండీ" అంది అక్క.

"లేదండీ" అన్నాను నేను కూడా. దేవుడి మీద ప్రమాణం చేసి చెప్పమన్నా అదే చెప్పేదాన్ని.

"మీ ఇంట్లో ఎవరికైనా రొమ్ము క్యాన్సర్ వచ్చిందా?"

అక్క నేలకేసి చూసింది. "లేదండీ" అంది.

నేను కుర్చీలోంచి లేచాను. "ఉందమ్మా. వాళ్ల సొంత అక్కకి. దాంతోనే పోయింది. ఈవిడ అబద్ధం చెబుతోంది."

అక్క నావైపు తిరిగి చూసిన చూపు నేను చచ్చేదాకా మర్చిపోను. డాక్టరమ్మ మాత్రం రాసుకుంది. ఈలోపు నర్సు వచ్చి నాడి చూసే క్లిప్పు ఒకటి అక్క కుడి చూపుడువేలికి తగిలించింది. అక్క కెవ్వుమంది. క్లిప్పు ఎగిరి బల్ల కింద పడింది.

డాక్టరమ్మ ఆ చెయ్యి తనవైపు తిప్పుకుంది. "వేలికి ఈ టేపేంటి?"

"అదా, సూది దిగిందండీ."

"దెబ్బలేం తగల్లేదన్నారు?"

"దెబ్బ కాదండీ. సూది" అంది అక్క.

ఆవిడ నిజమే చెప్పింది. మాకు మిషన్ సూది వేలిలో దిగడం దెబ్బ కిందికి రాదు. కత్తెరతో తెగితే దెబ్బ, ఇస్త్రీపెట్టెతో కాలితే దెబ్బ. సూది దిగడం వానలో తడవడం లాంటిది. ఇంత మిషన్ నూనె పూసి, టేపు చుట్టి, మళ్లీ తొక్కడం మొదలుపెడతాం. డాక్టరమ్మ టేపు మెల్లగా ఊడదీసింది. కింద వేలు ఉబ్బి, గోరు పక్కన నల్లటి చుక్క, చుట్టూ పసుపుపచ్చగా ఉంది. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు మేం మూడు వారాలు చంకనే చూసుకున్నాం తప్ప వేలిని చూసినవాళ్లు లేరు.

"ఎప్పుడు దిగింది?"

"బ్యాండు కోట్లు మొదలుపెట్టిన రోజు. నెల కావస్తోంది. విరిగిందండీ సూది. పట్టకారుతో లాగేశాం."

"మొత్తం వచ్చేసిందా?"

దీనికి అక్క నావైపు చూసింది. మా పనిలో ఒక కట్టుబాటు ఉంది. సూది విరిగితే ముక్కలన్నీ దొరికి, ఒకదానికొకటి ఆనించి చూసి, అట్టముక్క మీద అంటించేదాకా మిషన్ మళ్లీ తిప్పకూడదు. ఎవరి చొక్కాలోనైనా ముక్క ఉండిపోతుందని. ఆ రోజు పైముక్క మిషన్లో ఉంది, నడిమిముక్క వేలిలోంచి వచ్చింది. మొన కోసం నేను నేలంతా వెతికాను. బల్ల కాలి దగ్గర ఒక మొన దొరికింది. దొరికిందక్కా అన్నాను. ఆనించి చూశావా అని ఆవిడ అడిగింది. చూశానన్నాను. చూడలేదు. బడివాళ్లు మెట్ల మీద ఉన్నారు, తొందరలో ఉన్నాను. నేలమీద దొరికింది ఎప్పటిదో పాత సూది మొన అయి ఉంటుందని నాకు ఆ కుర్చీ పక్కన నిలబడ్డప్పుడు తట్టింది.

"నేను ఆనించి చూడలేదు" అన్నాను.

ఎక్స్‌రేలో ఎముక పక్కన బియ్యపుగింజలో సగం ఉంటుందేమో, తెల్లటి గీత మెరుస్తూ కనిపించింది. డాక్టరమ్మ దాన్ని వెలుతురుకి పెట్టి చూపిస్తుంటే నాకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. చంకలు గుద్దుకోవాలనిపించింది, ఎవరి చంక అని గుర్తొచ్చి ఊరుకున్నాను. వేలిని మొద్దుబార్చి ముక్క తీసేయాలి, ఇంటివాళ్లెవరైనా వచ్చి సంతకం పెట్టాలన్నారు. అక్క వద్దు వద్దంటూనే ఉంది. నేను బడికి ఫోన్ చేశాను.

టీచరమ్మ చేతులకి సుద్దపొడితోనే వచ్చింది. గుమ్మంలో ఆగి ముందు పిన్ని మొహం, తరవాత చెయ్యి, తరవాత నన్ను చూసింది. పోయినావిడ కూతురు ఇదేనని నేను చెప్పాక డాక్టరమ్మ దాన్ని కూర్చోబెట్టి వివరంగా చెప్పింది. చేతికి ఎక్కడ చీము పట్టినా ఆ విషం పైకి పాకకుండా చంకలో ఉండే గ్రంథులు ఆపుతాయట. అలా ఆపినప్పుడు అవి వాచి నొప్పి పెడతాయట. ముక్క తీసి, పది రోజులు మాత్రలు వేస్తే తగ్గుతుంది. గడ్డలో చీము చేరితే కోసి తీయాలి, ఇందాక చంకకి తీసిన స్కానింగులో ఇప్పటికైతే చీము లేదు. రెండు వారాల్లో తగ్గకపోతే అందులోంచి కాస్త తీసి పరీక్షకు పంపాలి. ఆ కత్తి సంగతి నేను చెబితే ఆవిడ కాసేపు కళ్లు మూసుకుంది. "అక్కడ పెద్ద రక్తనాళాలుంటాయమ్మా" అని మాత్రం అంది.

ఆ తరవాత ఆవిడ, పాపం, మా ధైర్యం కోసమే ఇంకో మాట అంది. "నొప్పి పెట్టిందంటే ఒకరకంగా మంచిదే. మేం ఎక్కువ కంగారుపడేది నొప్పి లేకుండా, గట్టిగా, కదలకుండా ఉండేవాటికి. అలాగని నొప్పి ఉన్నవన్నీ మంచివని కాదు. ఏదైనా రెండు వారాలు దాటి ఉంటే చూపించుకోవాలి. మీ అమ్మగారికి నొప్పి ఉండేదా?"

"లేదండీ" అంది టీచరమ్మ. "అందుకే ఎవరికీ తెలియలేదు."

సోదికెళితే పాత రంకు బయటపడ్డట్టు అంటారు. అక్క నోరు తెరవకుండా ఉంటే అది అక్కడితో పోయేది. నేను కళ్లతోనే వద్దన్నాను. ఆవిడ నన్ను చూడలేదు.

"నాకు తెలుసు" అంది.

టీచరమ్మ అర్థం కానట్టు చూసింది.

"చొక్కా కొలత తీస్తుంటే నా చేతికి తగిలింది. ఏడు నెలల ముందే. నొప్పి లేకపోతే ఏం కాదని నేనే చెప్పాను. మీ అమ్మ నా మాట నమ్మింది. ఒరుసుకోకుండా చంక వదులు చేసి ఇచ్చాను."

నేనూ అన్నానమ్మా, నా నోరూ ఉంది అందులో అని చెబుదామనుకున్నాను. నాకు ధైర్యం చాలలేదు. టీచరమ్మ చేతుల్లో సుద్దపొడి రుద్దుకుంటూ కూర్చుంది.

"ఈ గడ్డ ఎప్పట్నుంచి?"

"మూడు వారాలు" అన్నాను.

"అదేనేమో అనుకున్నావు కదూ. అనుకుని, నాతో ఒకే గదిలో పడుకుని, పొద్దున్నే నాకు డబ్బా కట్టి పంపించావు." దాని గొంతు పెరగలేదు. "అమ్మ దాచింది. నువ్వూ దాచావు. మీరిద్దరూ దాచుకుని పోతే మిగిలేది నేనే కదా. నేను మీకు లెక్కలోకే రానా?"

టీచరమ్మ కాగితం మీద సంతకం పెట్టి, బయట బెంచీ మీద కూర్చుంది. ముక్క తీసినంతసేపూ అక్కడే ఉంది. ఇంటికి బండి మాట్లాడి తీసుకెళ్లింది. మాటైతే మాట్లాడలేదు.

గడ్డ తగ్గింది. మూడో రోజుకి జ్వరం పోయింది, ఎర్రచార పోయింది, రెండు వారాలకి తడిమితే బఠాణీగింజంత మిగిలింది. డాక్టరమ్మ సంతోషించింది. ఇంకో నెలలో అదీ పోవాలని, పోకపోతే రమ్మని చెప్పింది. ఒక మాట మాత్రం గట్టిగా చెప్పి పంపింది. మీకూ, ఆ అమ్మాయికీ తప్పకుండా పరీక్ష చేయాలి, తనని కూడా తీసుకురండి అని. అక్క తలూపింది. ఇంటికెళ్లి అడగలేకపోయింది. వేళకి మాత్రలు బల్ల మీద ఉంటున్నాయి, పక్కన నీళ్లు ఉంటున్నాయి, మనిషి మాత్రం అవతలి గదిలో ఉంటోందని నాతో చెప్పింది. తప్పు ఒప్పుకుంటే మనసు తేలికపడుతుందని ఎవరో అన్నారు, వాళ్లెవరో నాకు ఎదురుపడితే బాగుండు. ఆవిడ నా కళ్లముందే సగమైంది.

నేను నా వంతు నేను చేశాను. ఒకరోజు బడి వదిలే వేళకి గేటు దగ్గర నిలబడి, ఆ రోజు పరదా బయట నేనన్న మాట టీచరమ్మకి చెప్పేశాను. అది విని, "సరే అత్తా" అని వెళ్లిపోయింది. తిట్టినా బాగుండేది.

ఆ తరవాత వచ్చిన శనివారం మిగిలిన కోట్లు బల్ల మీద పరిచి ఉన్నాయి. మెట్ల మీద చప్పుడైంది. టీచరమ్మ లోపలికొచ్చి, సంచి కుర్చీలో పెట్టి, తిన్నగా కత్తిరింపు బల్ల దగ్గరికి నడిచింది. పిన్ని ఎదురుగా నిలబడి రెండు చేతులూ పైకెత్తింది.

"చూడు. ఎలా చూసుకోవాలో నాకు తెలియడం లేదు" అంది.

నేను లేచి తలుపు గడియ వేశాను. అక్క కళ్లజోడు తీసేసింది. వేళ్లు చొక్కాకి తుడుచుకుంది. కుడిచేతికి ఇంకా కట్టు ఉంది కాబట్టి ఎడమచేత్తో చూసింది. కుడిచంక, ఎడమచంక, మళ్లీ కుడిచంక. ఆవిడ ఏ కోటుకీ అంతసేపు కొలత తీయలేదు.

"నా చేతికి ఏమీ తగల్లేదు" అంది చివరికి.

టీచరమ్మ చేతులు దించబోయింది.

"నా మాట నమ్మకు" అంది అక్క. "పద, ఇప్పుడే డాక్టరమ్మ దగ్గరికి వెళ్దాం."

"సరే పిన్నీ" అంది టీచరమ్మ.

ఆ పిలుపు విని పంతొమ్మిది రోజులైందని అక్క తరవాత నాతో చెప్పింది.